ఫోనులో చెప్పలేని సంగతి

బావకు,

ఈశ్వరి నమస్కారం పెట్టి రాస్తున్నది. ఇక్కడ అత్త, గౌరి కులాసాగా ఉన్నారు. నాకూ ఇప్పుడు నయమే. ఆ వేరావల్ రేవులో రొట్టెలు అరగడం లేదని రాశావు. మనవాళ్లెవరైనా అన్నం వండుకుంటుంటే వాళ్లతో కలిసిపో, మొహమాటపడకు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. నీ కూతురు గౌరి ఇంటర్ పరీక్షలు బాగా రాసింది. ఇంటి మీద తాటాకు మార్పించాం, వానకి భయం లేదు. అత్త మోకాళ్లు అలాగే ఉన్నాయి, నోరు మాత్రం ఎప్పటికన్నా గట్టిగా ఉంది.

చివర్న ఒక మాట అడిగావు. పోయినసారి నువ్వు వచ్చి ఉన్నన్నాళ్లూ నేను గౌరి పక్కనే పడుకున్నానని, నీ మీద మనసు విరిగిందా అని. అది చదివి ఏడుపొచ్చింది. మనసు విరగలేదు బావా, ఒళ్లు బాగోలేదు. ఫోనులో చెబుదామంటే నువ్వు బోటులో అందరి మధ్యా నిలబడి మాట్లాడతావు.

చాలాకాలంగా నాకు నెలసరి దారి తప్పింది. ఒక్కోసారి నెలలు దాటినా రాదు, వచ్చిందంటే ఆగదు. నెత్తురు గడ్డలు గడ్డలుగా పోయేది. బయటికి వెళ్తే ముదురు రంగు చీరలే కట్టేదాన్ని. గట్టు ఎక్కితే ఆయాసం. చేపల గంప దించితే మళ్లీ ఎత్తడానికి చేతులు వచ్చేవి కావు. పక్కింటి తవిటమ్మకి చెబితే, "ఆగిపోయే ముందు ఆడోళ్లందరికీ ఇంతేనే, ఓర్సుకో" అంది. ఓర్చుకున్నాను.

పోయిన నెల కోటబొమ్మాళి సంతలో బేరం చేస్తూనే పడిపోయాను. కళ్లు తెరిచేసరికి శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో ఉన్నాను. అత్త నా తల నిమురుతూ తిడుతోంది.

"ఇన్నాళ్లూ ఏటి దాసుకున్నావే? నానేటి పరాయిదాన్నా?"

డాక్టరమ్మ కూడా కోప్పడింది. "ఈ వయసులో కొందరికి ఎక్కువవుతుంది, నిజమే. అలాగని ఇంత రక్తం పోతుంటే ఊరుకుంటారా?" అంది. స్కానింగు తీశారు, గర్భసంచి లోపలి పొర కొంచెం తీసి పరీక్షకు పంపారు. అన్నిటికన్నా ముందు రక్తం ఎక్కించాలన్నారు. నా గ్రూపు రక్తం అప్పటికి అక్కడ లేదు. నాతో వచ్చినవాళ్లెవరిదీ కలవలేదు.

అప్పుడు లక్ష్ముడు వచ్చాడు. నీ తమ్ముడే బావా, వలల పంపకంలో మాటామాటా పెరిగి నువ్వు మన గుమ్మం తొక్కొద్దన్న లక్ష్ముడు. ఎవరు చెప్పారో ఏమో, వేట నుంచి దిగి ఉప్పు కట్టిన లుంగీతోనే వచ్చేశాడు. "నా నెత్తురు పనికొస్తాదేటో సూడమ్మా" అని నర్సుని అడిగాడు. పనికొచ్చింది.

తరువాత నా మంచం దగ్గర తల దించుకుని నిలబడ్డాడు.

"వొదినా, అన్నకి సెప్పకు. మాటలు కలుపుకోడానికే ఇచ్చాననుకుంటాడు."

"సెప్పనులే" అన్నాను. ఇదిగో, చెప్పేశాను. నీ దగ్గర ఇది దాచుకుని బతకడం నా వల్ల కాలేదు.

పరీక్షలో చెడు ఏమీ లేదట. గర్భసంచి తీయక్కర్లేదన్నారు. మందులతో రక్తం పోవడం తగ్గింది, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నాను. మళ్లీ రమ్మన్నారు, అత్త తీసుకెళ్తానంది. నువ్వు పని వదిలి పరుగెత్తి రాకు.

ఇది అందగానే లక్ష్ముడికి ఫోను చెయ్యి. ఏం మాట్లాడాలో తోచకపోతే వేట ఎలా పడుతోందని అడుగు. మిగతాది వాడే మాట్లాడతాడు. నాకు తరువాత చేద్దువుగాని.

ఇట్లు,
నీ ఇల్లాలు,
ఈశ్వరి