మూల చిరిగిన కార్డు

రాజమండ్రి, 14-8-97

అమ్మా, కార్డు మూల చిరిగి ఉందని కంగారు పడకు. నేను బాగానే ఉన్నాను. ఒళ్ళు అలసిపోయింది, అంతే.

సోషల్ వర్క్ డిగ్రీ అంటే క్లాసులో కూర్చుని చదవడమే అనుకున్నాను. వారానికి రెండు రోజులు బస్సులో నిలబడి కోరుకొండ వైపున్న వృద్ధాశ్రమానికి వెళ్ళాలి, వచ్చి రిపోర్టు రాయాలి. అక్కడ హైమవతి మామ్మగారని ఒకావిడ ఉన్నారు. వాళ్ళబ్బాయికి నాచేత ఆరు కార్డులు రాయించారు. ఒక్కదానికీ జవాబు రాలేదు. నిన్న ఏడో కార్డు తీశానో లేదో, లాక్కుని మూల చింపేశారు. "నేను పోయానని రాసెయ్యమ్మా. చావు కబురైతే వస్తాడు కదా" అన్నారు. నేను రాయలేనన్నాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకున్నారు.

మా మేడం రిపోర్టు చూసి, "ఇంతకీ నువ్వేం చేశావో రాయలేదేంటి?" అన్నారు. ఏం చేశాను కనక! ఆ కార్డే ఇది. పారెయ్యడానికి మనసొప్పలేదు.

చెల్లాయికి దగ్గు తగ్గిందా? ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే కందిపొడి, నా పాత గొడుగు పంపించు. నాన్నగారికి నమస్కారాలు.

ఒక్క పని చేసిపెట్టమ్మా. మామ్మగారికి నువ్వొక కార్డు రాయి. ఆశ్రమం అడ్రసు పక్క అంచున ఇరికించాను. ఏం రాసినా ఫరవాలేదు, మన ఆవు ఈనిందని రాసినా సరే. నాలుగు మూలలకీ పసుపు మాత్రం బాగా దట్టంగా రాయి. ఆవిడకి చూపు ఆనదు.

ఫణిశ్రీ