సీథోన్ మూడాకుల మొక్కకు బూడిద తెగులు

బాన్ నోంగ్ ఫై,
సకోన్ నఖోన్, జులై 12

జిల్లా వ్యవసాయ కార్యాలయంలో మొక్కల డాక్టరు గారికి, రైతు సీథోన్ నమస్కారాలు.

నాకు ఎక్కువ రాయడం రాదు. విషయం ఇది. ఇంట్లో గంజాయి పెంచుకోవచ్చని ప్రభుత్వం చెప్పాక పేరు నమోదు చేయించి మూడు మొక్కలు వేశాను. వయసు ఇరవై రెండు రోజులు. కింది ఆకులు పసుపు రంగుకు తిరిగి వేలాడుతున్నాయి. మూడో మొక్కకు కణుపుకు రెండు ఆకులు రావలసిన చోట మూడు వస్తున్నాయి. అదీ జబ్బేనా?

మొక్కలు నాకోసం కాదు. మా ఆవిడ బువాలైకి నాలుగు నెలలుగా నిద్ర లేదు. కోడి పులుసులో రెండు లేతాకులు వేసుకుంటే నిద్ర పడుతుందని వాళ్లమ్మ అనేదట. అందుకని ఇవి బతకాలి.

ఇట్లు,
సీథోన్

తా.క. నిద్ర పట్టకపోతే తనకు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తుంది. ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే.


ఉత్తరం సంఖ్య 47
జులై 18

సీథోన్ మామయ్య గారికి, నారీరత్ నమస్కారాలు.

నేను డాక్టరును కాను. తెగుళ్ల విభాగంలో అధికారిని. మీ మొక్కలకు నీళ్లు ఎక్కువయ్యాయి. రోజుకు ఎన్నిసార్లు పోస్తున్నారో చూసుకోండి. మట్టి పైన ఆరాకే మళ్లీ పోయాలి.

కణుపుకు మూడాకులు రావడం జబ్బు కాదు. చాలా అరుదు. నా ఉద్యోగంలో ఇంతవరకు చూడలేదు. మీరు అదృష్టవంతులు.

ఆకును దగ్గరగా ఫోటో తీసి పంపండి.

శ్రేయోభిలాషి,
నారీరత్

తా.క. అత్తయ్యగారితో పగలు కూడా కాస్త మాట్లాడి చూడండి.


ఆగస్టు 3

డాక్టరమ్మ గారికి, సీథోన్ నమస్కారాలు.

నేను పొద్దున నీళ్లు పోస్తున్నాను. బువాలై సాయంత్రం పోస్తోందని మీ ఉత్తరం వచ్చాకే తెలిసింది. తను నాకు మిగతావన్నీ చెబుతుంది. ఇది చెప్పలేదు. ఈలోగా రెండు మొక్కలు పోయాయి. మూడాకులది ఒక్కటే మిగిలింది. ఇప్పుడు నేనొక్కణ్ణే పోస్తున్నాను. పసుపు ఆగింది.

ఫోటో జత చేశాను. పట్నంలో స్టూడియోకు ముగ్గురం వెళ్లాం. మధ్యలో ఉన్నది మొక్క.

ఇప్పుడు కొత్త బాధ. ఆకుల మీద తెల్లటి పొడి. తుడిస్తే పోతుంది. మర్నాటికి మళ్లీ ఉంటుంది. ఏం చేయాలి?

ఇట్లు,
సీథోన్

తా.క. మీ ఉత్తరాన్ని బువాలై సంతలో అందరికీ చదివి వినిపించింది, పైనున్న సంఖ్యతో సహా. ఒకటో తేదీ నుంచి ఊరంతా మీ పేరే తలుచుకుంటోంది.


ఉత్తరం సంఖ్య 82
ఆగస్టు 9

సీథోన్ మామయ్య గారికి, నమస్కారాలు.

తెల్ల పొడి అంటే బూడిద తెగులు. వానల్లో మామూలే. మొక్కను గాలి ఆడే చోట, ఎత్తు మీద, విడిగా పెట్టండి. ఎండ ఎక్కువైతే చుట్టూ పల్చటి గుడ్డ కట్టండి. బాగా పాడైన ఆకులు తుంచేయండి. ఈ కింది ప్రశ్నలకు జవాబు రాయండి. పొడికి వాసన ఉందా? ఆకులకు రంధ్రాలు పడుతున్నాయా? ఏ రోజుల్లో ఎక్కువగా ఉంటోంది?

శ్రేయోభిలాషి,
నారీరత్

తా.క. మీ ఊరివాళ్లకు మొక్కల ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ ఉన్నందుకు మా పై అధికారి ఎంతో సంతోషించారు. ఫోటోలో ముగ్గురూ బాగున్నారు.


ఆగస్టు 18

డాక్టరమ్మ గారికి, సీథోన్ నమస్కారాలు.

మీరు చెప్పినట్టే వసారా ముందు ఎత్తుపీట వేసి దాని మీద పెట్టాను. చుట్టూ పసుపు గుడ్డ కట్టాను. ఇంట్లో ఆ గుడ్డే ఉంది. అప్పటినుంచి తెగులు రెండింతలైంది.

వాసన ఉంది. స్నానం చేయించిన పసిపిల్ల వాసన.

రంధ్రాలున్నాయి. గుండ్రంగా, అంచు కాలినట్టు, అగరొత్తి కొనంత. ఎప్పుడు పడినా మూడు పడతాయి.

నా క్యాలెండరులో చూశాను. జులై 30, 31న ఎక్కువ. ఆగస్టు 14, 15న ఇంకా ఎక్కువ. ఒకటో తేదీ సాయంత్రం, పదహారు సాయంత్రం అసలు లేదు.

తొమ్మిది ఆకులు మిగిలాయి. లేతవి రెండే.

ఇట్లు,
సీథోన్

తా.క. మీ 82 ఊరికి చాలా మేలు చేసిందట. అరటిపండు పెట్టి ఆకులో చుట్టిన జిగురన్నం పొట్లాలు మీకోసం ఇచ్చారు. నూట ఇరవై. బస్సులో వేశాను.


ఉత్తరం సంఖ్య 109
ఆగస్టు 23

సీథోన్ మామయ్యా,

పొట్లాలు అందాయి. మా ఆఫీసులో మూడు రోజులుగా ఎవరూ వేరే తిండి తినడం లేదు.

మీ తేదీలు పెట్టుకుని పుస్తకాలన్నీ తిరగేశాను. తెగుళ్లకు పంచాంగం ఉండదు. లాటరీకి ఉంటుంది. నెలకు రెండు డ్రాలు: ఒకటి, పదహారు. మా గుమస్తాను అడిగాను. మొన్న ఒకటో తేదీన గెలిచిన చివరి రెండంకెలు 47. పదహారున 82.

నిజం చెప్పండి. మీ ఇంటికి ఎవరు వస్తున్నారు?

నారీరత్


ఆగస్టు 26

డాక్టరమ్మ గారికి, సీథోన్ నమస్కారాలు.

మీరు ఆకు గురించి అడిగారు. మనుషుల గురించి అడగలేదు. ఇప్పుడు అడిగారు కనుక రాస్తున్నాను.

ఊరంతా వస్తోంది. పక్క ఊళ్లు కూడా. అరుదు, అదృష్టం అని ఆఫీసు వాళ్లే కాగితం మీద రాశారు కదా. పసిపిల్లల పౌడరు తెచ్చి ఆకు మీద చల్లుతారు. వేలితో రుద్ది అంకెలు వెతుకుతారు. కుండీలో అగరొత్తులు గుచ్చుతారు, మనిషికి మూడు.

నిన్న కిరాణా కొట్టు సాయ్‌పిన్, ఆమె ఆడపడుచు ఇక్కడే పోట్లాడుకున్నారు.

"కదలకే తల్లీ! అదిగో, నాలుగు కనిపిస్తోంది!"

"నాలుగూ కాదు, నీ మొహమూ కాదు. ఏడు. కళ్లద్దాలు పెట్టుకో వదినా."

"పోయినసారి తొమ్మిదన్నది ఎవరే? నీ మాట విని డబ్బు పోగొట్టానని మీ అన్నయ్య ఇంకా నాతో మాట్లాడటం లేదు."

"అదీ నా వల్ల నీకు జరిగిన మేలే కదా!"

ముట్టుకోవద్దన్నాను. "మేమెక్కడ ముట్టుకుంటున్నాం బాబాయ్, పౌడరు ముట్టుకుంటోంది" అన్నారు. పీట, పసుపు గుడ్డ చూసి నేను గుడి కట్టాననుకున్నారు. ఇప్పుడు చెప్పులు బయట విప్పి వస్తున్నారు.

బువాలైతో చెబితే "ఇంటికొచ్చిన వాళ్లను పొమ్మంటామా?" అంటుంది. పగలంతా వాళ్లతో మాట్లాడుతుంది. రాత్రి, వాళ్లు ఏమన్నారో నాకు చెబుతుంది.

ఆరు ఆకులున్నాయి. మళ్లీ ఒకటో తేదీ వస్తే ఒక్కటీ ఉండదు. మొక్క పోతే ఇక తనకు నిద్ర లేదు. నాకు కూడా.

ఇట్లు,
సీథోన్

తా.క. 109లో మొదటి రెండంకెలు తీసుకోవాలా, చివరి రెండా? అడగమన్నారు.


ఆగస్టు 28
(సంఖ్య వేయలేదు)

సీథోన్ మామయ్య గారికి,

ఇది బూడిద తెగులు కాదు, పౌడరు తెగులు. దీనికి మా దగ్గర మందు లేదు. ఆకులను మంచినీళ్లతో కడగండి. ఆ పాత ఆకులు పులుసులో వేయకండి. కొత్తవి వచ్చేదాకా ఆగండి.

ఈ కింది మాటలను ఊరివాళ్లందరినీ పిలిచి గట్టిగా చదవండి:

"ఈ మొక్కకు ఏ శక్తీ లేదు. గెలిచిన రెండు సంఖ్యలూ దాని ఆకుల మీద వచ్చినవి కావు. అవి జిల్లా కార్యాలయం నుంచి నేను రాసిన ఉత్తరాల మీద ఉన్నవి. నారీరత్, తెగుళ్ల విభాగం."

ముద్ర కూడా వేశాను.

శ్రేయోభిలాషి,
నారీరత్

తా.క. ఇది వింటే వాళ్ల కళ్లు తెరుచుకుంటాయి.


సెప్టెంబరు 12

డాక్టరమ్మ గారికి, సీథోన్ నమస్కారాలు.

మీ ఉత్తరం గట్టిగా చదివాను. తర్వాత ఊరిపెద్ద లేచి, "ఆవిడే ఒప్పుకుని ముద్ర వేసి ఇచ్చాక ఇంకేం కావాలి? ఇన్నాళ్లూ మనం తప్పు చోట రుద్దాం" అన్నాడు. ఎవరి పౌడరు డబ్బా వాళ్లు తీసుకుని వెళ్లిపోయారు. సాయ్‌పిన్ అగరొత్తులు కూడా పీక్కుపోయింది.

అప్పటినుంచి ఇటు ఎవరూ రాలేదు. కొత్త ఆకులు పద్నాలుగు వచ్చాయి. మచ్చ లేదు. నిన్న కోడిని కోశాను. రెండు లేతాకులు వేశాం. బువాలై తమ్ముడి పెళ్లినాటి సంగతి చెబుతూ మాట మధ్యలో నిద్రపోయింది. మిగతా మాట కోసం కాసేపు చూశాను. తర్వాత నేనూ పడుకున్నాను. ఇద్దరం ఏడింటికి లేచాం.

మీ మేలు మరవను.

ఇట్లు,
సీథోన్

తా.క. రేపు రెండు వ్యాన్లు మాట్లాడుకుని మీ దగ్గరికి వస్తున్నారు. మీరు అడగలేదు. అయినా చెప్పడం మంచిదనిపించింది.


(తేదీ వేయలేదు)

మొక్కల డాక్టరు సీథోన్ మామయ్య గారికి, శిష్యురాలు నారీరత్ నమస్కారాలు.

మీ ఉత్తరం వాళ్లు వచ్చిన మర్నాడు అందింది.

ఇప్పుడు నా పేరు రాసిన బల్ల తెల్లగా ఉంది. కుర్చీ తెల్లగా ఉంది. ఆఫీసంతా స్నానం చేయించిన పసిపిల్ల వాసన. నా కిటికీలో పెంచుకున్న మొక్క ఆకులకు గుండ్రటి రంధ్రాలు, మూడు చొప్పున. సాయ్‌పిన్‌గారు నా చేతి గీతల్లో ఎనిమిది ఉందంటున్నారు. వాళ్ల ఆడపడుచు సున్నా అంటున్నారు. నిన్న మా పై అధికారి స్వయంగా పౌడరు డబ్బాతో వచ్చి, "కొంచెం పక్కకు జరుగమ్మా, బల్ల చూడాలి" అన్నారు. నాకు నాలుగు రోజులుగా నిద్ర లేదు.

ఈ తెగులు నయం చేసిన అనుభవం ఈ జిల్లాలో మీ ఒక్కరికే ఉంది. నివారణ వివరంగా రాయగలరు. అంతదాకా ఓ నాలుగు లేతాకులు పంపినా చాలు.

మీ
నారీరత్

తా.క. సంఖ్య వేయలేదు, తేదీ వేయలేదు, కాగితానికి పుట సంఖ్య కూడా వేయలేదు. కవరు మీద పిన్‌కోడు మాత్రం రాయక తప్పలేదు. చూసిన వెంటనే చింపేయండి. అత్తయ్య సంతకు వెళ్లకముందే.