రొయ్యలకు పనిచేసిన విటమిన్

శుక్రవారం, రాత్రి భోజనాలయ్యాక

ఎనిమిదో నెల పడింది! బీపీ కూడా మామూలుగానే ఉందట. పొద్దున ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ మాట అనగానే, ఇంత పొట్టతోనూ గంతులేయాలనిపించింది.

మా ఆయన మాత్రం సంచీలోంచి సి, ఇ విటమిన్ సీసాలు తీసి బల్ల మీద పెట్టాడు. పోయినసారి బీపీ పెరిగి ఏడో నెలలోనే బిడ్డ పోయింది. అప్పటి నుంచి ఆయన భయం ఆయనది.

"మా చెరువులో రొయ్యలు నీరసపడితే మేతలో సి విటమిన్ కలుపుతాం మేడమ్. తేరుకుంటాయి. అందుకే ఈమెక్కూడా తెచ్చినా," అన్నాడు.

డాక్టరమ్మ నవ్వేసింది. "రొయ్యల సంగతి నాకు తెలీదు నాయనా. ఇవి మింగితే గర్భిణులకు బీపీ రాదని ఒకప్పుడు డాక్టర్లమే ఆశపడినాం. అట్లేం జరగలా. వీటిని పక్కనపెట్టి, నేను రాసినవి వేయించు. బీపీ మాత్రం చూస్తూ ఉండండి."

దారంతా నాకు నవ్వే. ఆయన మెడికల్ షాపు ముందు బండి ఆపి బీపీ మిషన్ కొన్నాడు. సాయంత్రం చెరువులో మేత చూసొచ్చి, చేతులు కడుక్కుని, నా చేతికి పట్టీ చుట్టాడు. వచ్చిన అంకెను చెరువు పుస్తకంలో, నీటి ఉప్పదనం రాసిన వరుస కిందే రాశాడు!

పైకి నవ్వాను గానీ, ఇంకా రెండు నెలలు...

మళ్ళీ మిషన్ తెచ్చాడు. ఇది నాలుగోసారి.

"రాసేది ఆపు మే, చెయ్యి కదిల్తే అంకె తప్పొస్తాది," అంటున్నాడు.

ఆపుతున్నా.