పుర్రచేతి గిటారు

శనివారం, కోవిల్‌పట్టి

కడుపు మండిపోతా ఉండాది. కొత్తగా చెట్టు కొట్టకుండా, మూలన విప్పి పెట్టిన తాత నేతమగ్గం కొయ్యతోనే గిటారు చేయమని విరుదునగర్‌లో వడ్రంగం చేసే ఆసారికి ఇచ్చినాను. నాది పుర్రచెయ్యి అని, సౌండు తిప్పే బటన్లు ఏ పక్క రావాలో గీసి కూడా చూపించినాను. ఈ పొద్దు పోయి చూస్తే కుడిచేతి గిటారు!

"మీ పెద్దనాయనే పోన్ చేసినారమ్మా. మగ్గం సామితో సమానం, దానిమీద పుర్రచెయ్యి పడకూడదన్నారు" అన్నాడు ఆసారి.

ఇంటికొచ్చి అడిగితే పెద్దనాయన పేపర్లోంచి తల కూడా ఎత్తలే. "కుడిచేత్తో నేర్చుకో, పో" అన్నాడు.

ఆ మగ్గంలో తాత అడ్డపోగు లాక్కుపోయే నాడెను ఒకసారి కుడిచేత్తో విసిరితే, మరుసారి పుర్రచేత్తోనే తిరిగి విసిరేవాడు. పెద్దనాయన గుడికి కట్టుకునే పంచె ఆ మగ్గం నేతే, దాంట్లో సగం పోగులు పుర్రచేత్తో పడినవే. రేపు అది కట్టుకొని గుడికి బయల్దేరనీ, వాకిట్లోనే నిలబెట్టి అడగతా: ఏ సగం విప్పేసి పోతావు పెద్దనాయనా?