మా కోడలి పేరు తీసి మా వాడి పేరు రాసుకొనే విషయం

కండ్రిగ, వడమాలపేట మండలం,
30-5-2025.

కండ్రిగ ఆసుపత్రి డాక్టరు గారి సముఖమునకు, అదే ఊరి కాపురస్తురాలు వరదమ్మ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వచ్చే గురువారం కుటుంబ నియంత్రణ ఆపరేషనుకు రాసుకున్న మా కోడలు లోహిత పేరు తీసివేసి, ఆ స్థానమున నా కొడుకు ధనంజయ పేరు చేర్చుట గురించి.

ముందుగా తమరు క్షేమమా. పోయిన వారం తమరు బాగా తుమ్ముచుంటిరి. తగ్గకుంటే మిరియాల కషాయం కాచి పంపుతాను. తమ ఇంట్లో అమ్మగారు, పిల్లకాయలు బాగున్నారా. గ్రేసీ సిస్టరు మోకాలు ఎట్లున్నది. మందులిచ్చే అబ్బాయికి కళ్ళకలక పోయినదా. గేటు దగ్గర ఈనిన కుక్క పిల్లలు కళ్ళు తెరిచినవా. అందరూ క్షేమముగా ఉంటేనే మా పని జరుగును గనుక ఇన్ని అడగడమైనది. ఇక నా మనవి.

1. నా కోడలికి రెండు కాన్పులూ కడుపు కోసే చేసినారు. ఇద్దరూ ఆడబిడ్డలు, బంగారాలు, చాలు. రెండో కాన్పప్పుడే ఈ ఆపరేషను కూడా చేసెదమని చెప్పి, రక్తం తక్కువైనందున అప్పటికి వద్దన్నారు. పసిబిడ్డకు ఇప్పుడు ఏడో నెల. కోడలు ఇప్పటికీ కింద కూర్చుంటే గోడ పట్టుకొని గాని లేవలేదు. దాని కడుపు మీద మళ్ళీ కత్తి పడరాదని నా మొదటి ప్రార్థన. ఇంకో కాన్పు రారాదని రెండో ప్రార్థన. ఈ రెండు ప్రార్థనలూ ఒకదానితో ఒకటి పోట్లాడుకొనుచుండగా నాకు అన్నం సహించుట లేదు.

2. గ్రేసీ సిస్టరును అడిగినాను. ఆడవాళ్ళకైతే కడుపు తెరవవలెననియు, మగవాళ్ళకైతే చిన్న గాటే, కుట్టు కూడా పడదు, అదే దినం ఇంటికి పోవచ్చుననియు చెప్పినారు. కొన్నాళ్ళు బరువులు ఎత్తరాదట. మూడు నెలలకు ఒక పరీక్ష చేయించుకొని, అంతవరకు జాగ్రత్తగా ఉండవలెనట. అంతే అయితే మగవాళ్ళెవరూ రారెందుకని అడిగినాను. "నన్నడిగితే యెట్లమ్మా, ఇంట్లో ఉండే మగోణ్ణి అడుగు" అన్నారు. ఆ ప్రకారం ఇంటికి వచ్చి అడగడమైనది.

3. నా కొడుకు మామిడికాయల మండీలో లోడింగు పని చేయును. నిండు క్రేట్లు రెండు ఒకేసారి ఎత్తును. అటువంటివాడు విషయం వినగానే మంచం మీద కూలబడినాడు. వాడి అభ్యంతరములు: (క) బలం పోవును. (ఖ) గొంతు సన్నమగును. (గ) మండీలో నవ్వుదురు. (ఘ) మీసం సంగతి ఎవరూ చెప్పలేరు. ఇందులో (ఘ) నేను చెప్పినది. నడిమధ్యలో కరెంటు పోతే ఎట్ల, ఒక నరానికి బదులు ఇంకో నరం తెగితే ఎట్ల అని కూడా నేనే అన్నాను. దిగులు నా నోట్లో నిలవదు. ఆ మాటలకు వాడు మండీకి పోయి, సీజనని చెప్పి, ఆదివారం దాకా ఇంటికి రాలేదు.

4. ఇట్లుండగా తిరుపతి గంగ జాతర వచ్చినది. తమరు ఈ పక్కవారు కారని విన్నందున తెలుపుట ఏమనగా, ఆ జాతరలో మగవాళ్ళు మొక్కు కొద్దీ ఆడవేషం కట్టుదురు. వేషంలో ఉన్నవాళ్ళు ఎవరిని ఎంత తిట్టినా పట్టించుకోరు, అది ఆచారం. నా కొడుక్కు చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పటి నుంచి ఏటా ఆ మొక్కు ఉన్నది. తిరుపతిలో నా తమ్ముడు గోవిందస్వామి ఇంట్లో వేషం కట్టుకుంటారు. ఈసారి లోహితే వాడికి తన పెళ్ళిచీర కట్టి, కుచ్చిళ్ళు దోపి, సవరం పెట్టి జడ వేసినది. నా తమ్ముడు పక్కనే తెల్లగడ్డంతో, పసుపుపచ్చ చీరలో, గాజులు ఎక్కక చేతికి సబ్బు రుద్దుకొనుచున్నాడు. లోహిత మొగుడికి బొట్టు దిద్ది, వెనక్కు జరిగి చూసి, నెమ్మదిగా అడిగినది.

"సీర కట్టినా మామా. జడేసినా. కాటుక పెట్టినా. అయినా మీసం దువ్వుకుంటా ఈదిలో పోతావు. ఇంత సేసినా పోని మగతనం, ఆ ఒక్క గాటుకు యాడికి పోతాది?"

నా తమ్ముడు గాజులు వదిలేసి నవ్వినాడు. నవ్వి నవ్వి వాడి సవరం ఊడి సబ్బునీళ్ళలో పడినది. నేనూ నవ్వినాను, దిగులుపడుతూనే. నా కొడుకు అద్దంలో తన్ను తాను చాలాసేపు చూసుకొన్నాడు.

"సరే మే. నేనే పోతా. గంగమ్మ మీద ఒట్టు" అన్నాడు.

5. జాతర అయి, చీర విప్పి లుంగీ కట్టుకోగానే మాట మార్చినాడు. వేషంలో తిట్టిన తిట్టు పట్టనట్టే, వేషంలో చెప్పిన మాట కూడా పట్టరాదట. తిట్టుకు మాఫీ ఉన్నది గాని ఒట్టుకు లేదని నా తమ్ముడు తీర్పు చెప్పినాడు. మా వీధిలో దీనిపై రెండు పక్షములైనవి. మగవాళ్ళంతా ఒక పక్షము, తక్కినవాళ్ళంతా ఒక పక్షము. లోహిత మాత్రం ఎందులోనూ చేరలేదు. "బయపడేవాణ్ణి తోసేదేముండాది అత్తా. నేనే పోతాలే" అని ఆసుపత్రికి వచ్చి తన పేరు తానే రాయించుకొన్నది.

6. కావున తమరు దయయుంచి లోహిత పేరు తీసివేయవలెను. నా కొడుకును పిలిపించి, మగవాడికి మగవాడుగా నచ్చజెప్పవలెను. మీసం గురించి విడిగా చెప్పవలెను. కోసే సామాన్లు ముందే చూపరాదు. ఇక్కడ మగవాళ్ళకు చేయరనే పక్షంలో ఎక్కడ చేయుదురో తెలిపితే, అక్కడికే తీసుకుపోగలను.

ముసలిదాని దిగులును మన్నించి, ఈ మనవిని చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయురాలు,
వరదమ్మ

ఇంకొక మాట. అర్జీ మడిచి పెట్టి లోపలికి పోతే, లోహిత గురువారానికి సంచి సర్దుకుంటున్నది. సర్దుతూ మొగుడికి చెబుతున్నది. "పసిదానికి జరమొస్తే మందు ఈడుండాది. పెద్దదానికి జడ యెట్లేసేదో అత్తకు తెలుసు. అన్నీ సెప్పేసినా మామా. నువ్వేమీ ఎతుక్కోబళ్ళేదు."

వాడు తింటున్న అన్నం ముందు నుంచి లేచినాడు. చెయ్యి కడుక్కొని వచ్చి, సంచిలో నుంచి దాని బట్టలు తీసి బీరువాలో పెట్టి, తన లుంగీ ఒకటి, తువ్వాలు ఒకటి మడిచి పెట్టుకొన్నాడు. లోహిత సంచి వాడి వైపు జరిపినది. నాకు మాత్రం, అయ్యా, ఎగిరి గంతులు వేయవలెననిపించినది, నడుము చూసుకొని మానుకొన్నాను.

"ఎప్పుడు రమ్మంటారో కనుక్కో మా. నువ్వు మటుకు లోపలికి రావద్దు. నీ మొగం సూస్తే నాకు యాడలేని బయం పుడతాది" అన్నాడు.

వెంటనే గ్రేసీ సిస్టరుకు ఫోను చేసినాను. గురువారం ఆడవాళ్ళకట. మగవాళ్ళను అంతకు ముందే తమరు చూసి మాట్లాడి, ఎక్కడ ఎప్పుడు చేసేదీ చెప్పుదురట. పేరు మార్చి రాసుకున్నారట. అయినను కష్టపడి రాసిన అర్జీ గనుక పంపుతున్నాను. వాడి వెంట లోహిత వచ్చును. నేను గేటు బయటే ఉంటాను, దిగులు అక్కడే పడతాను. జూన్ నాలుగో తేదీ, బుధవారం, పొద్దున తొమ్మిదికి.