లైవ్‌లో రమ్య, వేటపాలెంలో నేను

వేటపాలెం,
సోమవారం.

ప్రియమైన రమ్యకు,

ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. నువ్వు క్షేమంగా లేవని టీవీలో చూశాను.

ఫోన్ చేస్తే రెండో మాటకే మీ చానల్ డెస్క్ నుంచి కాల్ వస్తుంది. ‘ఒక్క నిమిషం ఉండండి’ అంటావు. ఉంటాను. ఇక అంతే. అందుకే ఈ ఉత్తరం. మన వీధి మొహిద్దీన్ బాషాగారు రోజూ గుంటూరు బస్సు నడుపుతారు కదా, బస్టాండులో నీ చేతికిస్తానన్నారు. జవాబు కూడా ఆయనకే ఇవ్వు.

ఇవాళ మా జీడిపప్పు యూనిట్లో టీవీ పెడితే, మిర్చి యార్డులో నువ్వు! గింజలు పగలగొట్టే మిషన్ల మోతలో మాట వినపడదు కాబట్టి, నీ పెదాలు చూసి అర్థం చేసుకుంటాను. ఇవాళ పెదాల దాకా పోనక్కర్లేకపోయింది. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. మా యూనిట్లో పప్పు వలిచే ఆడవాళ్లందరూ పని ఆపేసి నావైపు చూశారు. ‘పాపం, కొత్త కాపురం, దూరాన ఉంది’ అని ఒకావిడ ముక్కు చీదింది. నాకూ ఆగలేదు.

అంత బెంగగా ఉంటే చెప్పు రమ్యా, ఉన్నపళాన వచ్చేస్తాను.

నీ,
శివరామకృష్ణ

తా.క.: రోజూ చివర్లో ‘కెమెరామన్ మాలిక్‌తో శ్రీరమ్య’ అంటున్నావట. పెళ్లి మనతో అయితే పేరు అతనితో ఎందుకు చెబుతోందిరా అని అమ్మ అడుగుతోంది. ఏం చెప్పమంటావు?


గుంటూరు,
మంగళవారం.

శ్రీవారికి, నమస్కారాలు.

నేను క్షేమం. నా కళ్లే ఇంకా మండుతున్నాయి. అది బెంగ కాదండీ, మిరపకాయ ఘాటు! ఆ యార్డులోకి ఎవరు అడుగుపెట్టినా ఏడవాల్సిందే. నా పక్కన నిలబడి ‘ఈ ఏడు ధర బాగుంది’ అని చెప్పిన రైతు కూడా ఏడుస్తూనే చెప్పాడు.

మాలిక్ గారికి మనవలున్నారని అత్తయ్యకి చెప్పండి. వాళ్లావిడ జహీరున్నీసా గారు నాకు కూడా క్యారేజీ కట్టి పంపుతారు. నేను తినేలోపు ఎక్కడో ఏదో తగలబడుతుంది, లేకపోతే ఎవరో రాజీనామా చేస్తారు. ఇవాళ పత్తి లారీ అంటుకుంది. నిన్నటి పప్పన్నం ఇవాళ సాయంత్రం వాసన చూసి పారేశాను.

పోయిన రెండు శనివారాలూ రాలేకపోయాను. ఈ శనివారం తప్పకుండా వస్తాను.

మీ,
రమ్య

తా.క.: ఒకసారి కళ్లు తుడుచుకున్నాక మళ్లీ తుడుచుకున్నాను, గమనించారా? అప్పటికి మేం యార్డు బయటికి వచ్చేశాం. అక్కడ ఘాటు లేదు.


వేటపాలెం,
బుధవారం.

రమ్యకు,

క్షేమం రాయడానికి చెయ్యి రావడం లేదు.

శనివారం రావడం కుదరకపోతే నాకు చెప్పాలి. రాష్ట్రమంతటికీ చెబుతావా? ఇవాళ అమరావతి నుంచి, ఎండలో, చేతిలో మైకు పట్టుకుని, సూటిగా నా కళ్లలోకి చూసి, ‘ఇక రాలేను’ అన్నావు. ఒకసారి కాదు, గంటకోసారి అన్నావు. ప్రతిసారీ ఇంకొంచెం విసుగ్గా అన్నావు. మా మేనేజరు నా భుజం తట్టి, ఇవాళ్టికి ఇంటికెళ్లిపో అన్నాడు.

నేనేం తప్పు చేశానో అదైనా చెప్పు.

శివరామకృష్ణ

తా.క.: అమ్మకి ఏమీ చెప్పలేదు. నీకోసం సున్నుండలు చేస్తోంది. ఆపమనాలా?


గుంటూరు,
గురువారం.

శ్రీవారికి,

నమస్కారం పెట్టాలో నెత్తి కొట్టుకోవాలో తెలియడం లేదు.

‘మంత్రిగారు ఇంకా రాలేదు’ అన్నానండీ! పొద్దుటి నుంచీ ఎండలో నిలబెట్టి, ఆయన సాయంత్రానికి వచ్చారు. ఆయన రానందుకు నేను విసుక్కుంటే, నేను రానని మీరు ఇంటికెళ్లి పడుకున్నారా? మాలిక్ గారికి మీ ఉత్తరం చదివి వినిపిస్తే నవ్వు ఆపుకోలేక కెమెరా కింద పెట్టేశారు.

నేను మాత్రం ఎక్కువసేపు నవ్వలేకపోయాను. ఎందుకంటే శనివారం నల్లపాడులో పత్తి రైతుల ధర్నా ఉంది. లైవ్ నాకే వేశారు. నిన్న అనని మాట ఇవాళ నిజంగానే రాయాల్సి వస్తోంది. రాలేనండీ. మా బ్యూరో చీఫ్‌ని అడిగాను, బతిమాలాను. ‘ఈ ఒక్కవారం సర్దుకో అమ్మా’ అన్నారు. ప్రతివారం ఆయన అనేది అదే.

గదికొచ్చి తలుపు తీస్తే పలకరించే మనిషి ఉండరు. పగలంతా ఊరందరితో మాట్లాడి, ఇంటికొచ్చాక నోరు తెరవడానికి కారణం ఉండదు.

మీ,
రమ్య

తా.క.: సున్నుండలు ఆపించకండి. బాషాగారితో పంపండి. దారిలో ఆయన కొన్ని తిన్నా ఏమీ అనుకోను.


వేటపాలెం,
శుక్రవారం.

ప్రియమైన రమ్యకు,

మేం క్షేమం. నువ్వు రాకపోతే నేనే వస్తాను. రేపు తెల్లవారుజాము రైలెక్కి సరాసరి నల్లపాడు వచ్చేస్తాను. నీ పనికి అడ్డం రాను. మాలిక్ గారి వెనక నిలబడతాను, అంతే. నువ్వు కెమెరాలోకి చూసి మాట్లాడుతుంటే నన్ను చూస్తున్నట్టు ఉంటుంది. అది చాలు. మధ్యలో మంచినీళ్లు కావాలంటే అందిస్తాను.

నీ,
శివరామకృష్ణ

తా.క.: సున్నుండలు నేనే తెస్తున్నాను. బాషాగారు కొంచెం నొచ్చుకున్నారు.


వేటపాలెం,
శనివారం.

శ్రీవారికి, వేటపాలెం నుంచి మీ రమ్య నమస్కారాలు.

అవునండీ, మీ ఇంట్లోనే, మీ మంచం మీద కూర్చుని రాస్తున్నాను.

పొద్దున్నే బ్యూరో చీఫ్ ఫోన్ చేసి, ‘వేటపాలెం రైల్వే గేటు దగ్గర జీడిపప్పు లారీ బోల్తా పడింది, మీ అత్తగారి ఊరేగా, వెళ్తావా? ధర్నాకి కొత్తమ్మాయి యాస్మిన్‌ని పంపుతాను’ అన్నారు. ఆయన మాట పూర్తయ్యేలోపు వ్యానెక్కాను. మీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. గుమ్మంలోకి వచ్చాక తెలిసింది, అది మీ దిండు కింద మోగుతోందని! మీ నిన్నటి ఉత్తరం నాకు అందకముందే బయల్దేరాను కదా, మీరు నల్లపాడు రైలెక్కారని అత్తయ్య చెబితేనే తెలిసింది.

ఏం చెయ్యను? లారీ దగ్గర పని ముగించుకుని వచ్చి, అత్తయ్య పెట్టిన అన్నం ముందు ఏడుపు మొహంతో కూర్చున్నాను. అత్తయ్య నన్ను నవ్విద్దామని మా చానల్ పెట్టారు. నల్లపాడు ధర్నా లైవ్. అందరికంటే ముందు వరుసలో, చంకలో సున్నుండల డబ్బాతో, నాకోసం అటూ ఇటూ చూస్తూ, మీరు!

యాస్మిన్‌కి మీరెవరో తెలియదు కదా. రైతు అనుకుని మైకు పెట్టి, ‘చెప్పండి బాబాయ్, మీ డిమాండ్ ఏంటి?’ అంది. మీరు మైకు చూశారు, కెమెరా చూశారు, ‘మా ఆవిడ్ని ఇంటికి పంపాలండి’ అన్నారు. వెనక రైతులందరూ ‘పంపాలి! పంపాలి!’ అని అరిచారు.

అత్తయ్య గరిటె వదిలేశారు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

ఆ వెంటనే, మన పెళ్లిలో మిమ్మల్ని చూసిన బ్యూరో చీఫ్ ఫోన్. తిడతారనుకున్నాను. ‘రైతుల డిమాండ్లు తీర్చడం నా చేతుల్లో లేదు గానీ, ఇదొక్కటీ ఉంది. సోమవారం దాకా ఆఫీసు వైపు రాకు’ అన్నారు. వ్యాన్ వెళ్లిపోయింది. నేను వెళ్లలేదు.

మీరెవరో తనకి తెలిసేలోపే మీరు మా ఆఫీసుకి ఆటో ఎక్కేశారని యాస్మిన్ చెప్పింది. అక్కడికి రాగానే మిమ్మల్ని బస్టాండుకి పంపమని వాచ్‌మన్ మీరా హుస్సేన్‌కి చెప్పాను. మిగతాదంతా అతని ఫోన్లోనే మీకు చెప్పొచ్చు. కానీ ఇప్పుడు గుంటూరు బయల్దేరుతున్న బాషాగారికి ఈ ఉత్తరం ఇస్తున్నాను; తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇది చదువుకుంటూ మీరు నా దగ్గరికి రావాలని నా కోరిక.

గుమ్మంలోనే ఉంటాను.

మీ,
రమ్య

తా.క.: అత్తయ్య మీ చిన్నప్పటి ఫొటోలు ముందేసుకుని కూర్చున్నారు. నిక్కరు లేనివి మొదలయ్యాయి. త్వరగా రండి.