పచ్చడి సీసా సంగతి

సంతకం పెట్టకపోతే మాత్రం అంత రాద్ధాంతమా మాణిక్యం? ఇన్నేళ్ళు కాపురం చేశాక నా కోడికెలుకుడు రాత గుర్తుపట్టలేవా? "ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది, ఎవరో మగాడు నా మోకాళ్ళ నొప్పుల గురించి తెగ బాధపడిపోయాడు" అని వీధంతా చెప్పుకున్నావట. కిందటిసారి సరిగ్గా సంతకం దగ్గరికి వచ్చేసరికి పులిహోర పోపు మాడుతోందని కేకేశారు. వెళ్ళి వచ్చి, పూర్తయిందనుకుని మడిచి కవర్లో పెట్టేశాను. ఈసారి ఆ గొడవ లేకుండా ముందే కానిచ్చేస్తున్నాను.

ఇట్లు,
నువ్వు నలుగురిలో 'మా ఆయన' అని చెప్పుకునే
భీమశంకరం.

ఇక ఇది ఎక్కడ ఆగిపోయినా ఉత్తరం పూర్తయినట్టే లెక్క.

ఇక్కడ మేమందరం కులాసా. నువ్వూ అత్తయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడి కులాసా మాటని కిందకి వెళ్ళాక కొంచెం సవరించాలి, కంగారు పడకు.

ఈ అమెరికాలో, మా నేపర్‌విల్‌లో చలి తగ్గిందా అని అడిగావు. మార్చి వచ్చిందని క్యాలెండర్‌కి తెలుసు గానీ మంచుకి ఎవరూ చెప్పలేదు. గుడి వంటింట్లో పొయ్యి దగ్గర ఉంటాను కాబట్టి నాకు ముందువైపు వేసవి, వెనకవైపు శీతాకాలం. మీ తమ్ముడు మోహన్ సరిగ్గా చూసుకుంటున్నాడా అని అడిగావు. చూసుకుంటున్నాడు. బేస్‌మెంట్‌లో గది ఇచ్చాడు, రెండు దుప్పట్లు ఇచ్చాడు. గుడి కమిటీకి ప్రెసిడెంటు అయ్యాక కూడా, డాక్టరై ఉండి కూడా, ఈ వంటాయన మా బావ అని అందరికీ చెప్తాడు. ఆ మంచితనం కాదనను. నీ మోకాళ్ళకీ అత్తయ్యగారి మోకాళ్ళకీ నూనె, ఇటునుంచి ఎవరైనా వచ్చేటప్పుడు పంపుతాను. ఇక, చింతకాయ పచ్చడి సీసా అప్పుడే ఎలా ఖాళీ అయింది, ఎవరు తిన్నారు అని రెండుసార్లు రాశావు. ఆ సంగతి చివర్న చెప్తాను.

ఆదివారాలు గుళ్ళో పిల్లలకి తెలుగు చెప్పే పూజిత గురించి ఇదివరకు రాశాను. మీ మేనకోడలు అనన్య చేత 'ళ' పలికించిన ఘనత ఆ పిల్లదే. కంపెనీలో ఉద్యోగం, ఒంటరిగా ఉంటుంది, పెళ్ళి కాలేదు. ఇప్పుడు కడుపుతో ఉంది. ఎవరని అడిగితే చెప్పదు.

సంగతి బయటపడ్డాక ఇక్కడ ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు. అదే నాకు భయమేసింది. మన వీధిలో అయితే నిలబెట్టి తిట్టేవాళ్ళు, తిట్టి తిట్టి అలిసిపోయి ఇళ్ళకి పోయేవాళ్ళు. ఇక్కడ అలిసిపోరు. కిందటి నెల గుళ్ళో పాట్‌లక్ పెట్టారు. అంటే తలా ఒక వంటకం తెచ్చి అందరూ పంచుకు తినడం. ప్రతి గిన్నె ముందూ ఎవరు చేశారో చీటీ ఉంటుంది. పూజిత దద్దోజనం తెచ్చింది. చీటీ చదివిన గరిటె చదివినట్టే పక్క గిన్నెలోకి పోయింది. మోహన్ భార్య పద్మినే అందరికంటే ముందు, "ఆ ట్రే అటు చివర పెట్టండి, పిల్లలు చూస్తారు" అంది. పెరుగన్నం చూసి పిల్లలు ఎలా చెడిపోతారో నాకు బోధపడలేదు.

అందరూ తిని చేతులు కడుక్కునేసరికి ఆ ట్రేలో పెరుగు ఎండి బీటలు వారింది. ఆమె మూతపెట్టి తీసుకెళ్ళిపోతోంటే ఆపి రెండు గరిటెలు వేయించుకున్నాను. ఉప్పు తక్కువైందని కూడా చెప్పాను. నవ్వింది. నవ్వుతూనే మొహం అటు తిప్పుకుంది.

ఇంతలో అనన్యకి స్కూల్లో ఒక పాత నవల పాఠంగా పెట్టారు. మూడొందల ఏళ్ళకి పైనే అయింది, అప్పట్లో ఈ దేశానికి వచ్చి స్థిరపడ్డ మహాభక్తుల ఊరి కథట. గట్టిగా నవ్వినా పాపమనుకునే జనం. మన కమిటీలో చేరదగ్గవాళ్ళే. మొగుడు దగ్గర లేకుండా బిడ్డని కన్నదని ఒకావిణ్ణి ఊరందరి ముందూ తిన్నె మీద నిలబెట్టి, గుండెల మీద జీవితాంతం ఒక లెటర్ పెట్టుకు తిరగమన్నారట. స్టాంపు కూడా అంటించారా అన్నాను. "ఉత్తరం కాదు మామయ్యా, అక్షరం" అని విసుక్కుంది. ఆ బిడ్డ తండ్రి అదే ఊళ్ళో అందరూ దండాలు పెట్టే పెద్దమనిషట. ఆవిడ తిన్నె మీద నిలబడితే తనూ పెద్దల్లో కలిసిపోయి ఆమెకే నీతులు చెప్పాడట. "అతని సంగతి తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరా మామయ్యా?" అని అడిగింది.

మోహన్ మా పక్కనే అన్నం తింటున్నాడు. ఆ పుస్తకం తర్వాత, ముందు మ్యాథ్స్ చూసుకోమన్నాడు. చెయ్యి కడుక్కోడానికి లేచాడు. కంచంలో అన్నం కలిపింది కలిపినట్టే ఉంది.

మాణిక్యం, ఇక్కణ్ణించి అత్తయ్యగారికి పైకి చదవకు. మిగతాదంతా మంచు గురించి రాశానని చెప్పి, లోపలికెళ్ళి తలుపు వేసుకుని చదువు.

పచ్చడి నేను తినలేదు. మోహన్ పట్టుకెళ్ళాడు. చిన్నప్పుడు చింతకాయ పచ్చడి పేరెత్తితే పళ్ళు పులుస్తాయని గోడ దూకి పారిపోయేవాడని నువ్వే చెప్పేదానివి. అలాంటివాడు చలికాలంలో ఒక పొద్దున వచ్చి హాస్పిటల్‌కి లంచ్‌లోకి కావాలన్నాడు. నువ్వు నాకు కట్టిచ్చిన స్టీలు డబ్బాలోనే పెట్టిచ్చాను. తర్వాత మళ్ళీ మళ్ళీ అడిగాడు. ఇంటి రుచి మీదకి మనసు మళ్ళిందని మురిసిపోయాను కూడా.

ఒక ఆదివారం క్లాసయ్యాక వెళ్ళేసరికి పూజిత బల్ల దగ్గర కూర్చుని అన్నంలో పచ్చడి కలుపుకుంటోంది. పక్కన డబ్బా మూత. దాని మీద చుక్కలు చుక్కలుగా నీ పేరు. మన పెళ్ళికి మీ నాన్న ప్రతి గిన్నె మీదా, ప్రతి గరిటె మీదా కొట్టించిన పేరే. గిన్నెల మీద పేర్లుంటాయన్న సంగతి నీ తమ్ముడు ఈ దేశంలో మర్చేపోయినట్టున్నాడు. నేను చదవడం ఆమె చూసింది. మూత మెల్లిగా బోర్లించింది.

"మీరు చెప్పకండి అంకుల్. చెప్పాల్సిన మనిషే చెప్పాలి. అప్పటిదాకా నేనూ చెప్పను" అంది. సరే అన్నాను.

ఇంటికొచ్చాక గరాజ్‌లో మోహన్‌తో ఒక్క మాటే అన్నాను, ఆ డబ్బా మీ అక్కదిరా, జాగ్రత్త అని. కారు తాళాలు చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. "మీరేమీ చూడలేదనుకోండి బావా. పద్మిని తట్టుకోలేదు. మీ వీసా పేపర్లు కూడా నేనే కదా చూస్తున్నాను" అన్నాడు. బెదిరింపులా కాదు, మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాద నాకు ఇంకా అరగలేదు.

ఇవాళ కాసేపట్లో గుడి హాల్లో అందరూ కూడుతున్నారు. పూజిత వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలట. ఆమెని క్లాసు నుంచి తీసెయ్యాలన్న తీర్మానం ప్రెసిడెంటు హోదాలో మోహనే చదువుతాడు. రాకపోతే ఎవరేం చెయ్యగలరు, ఇంట్లో ఉండమ్మా అని చెప్పి చూశాను. పారిపోయానని పిల్లలకి చెప్తారు, వస్తానంది. టీ కాచడం, కుర్చీలు వెయ్యడం నా పని. టీ నీళ్ళు మరిగేలోపు ఇది రాస్తున్నాను.

వాడు నువ్వు ఎత్తుకు పెంచిన తమ్ముడు. నా కాగితాలు వాడి చేతిలో ఉన్నాయి. పద్మిని నాకు రోజూ అన్నం పెడుతోంది. ఆ పిల్లకి మాటిచ్చాను కాబట్టి పేరు నా నోట రాదు. కానీ ఏమీ చూడనట్టు అందరికీ టీ అందిస్తూ తిరగడం నా వల్ల కాదు. నువ్వేమంటావో ఫోన్లో అడగలేను, ఫోను వాళ్ళింట్లో నడిమి హాల్లో ఉంటుంది. డబ్బా మీద పేరు నీది కాబట్టి ముందు నీకు తెలియాలి. తర్వాత నన్ను తిట్టినా పడతాను. ఉద్యోగం పోయి ఇంటికొస్తే వంట మాత్రం నువ్వే చెయ్యాలి.

ఇప్పుడే మోహన్ తలుపు దగ్గరికొచ్చి, "బావా, ఆ అమ్మాయి కారు దిగింది. స్టేజి మీద ఒక్క కుర్చీ వెయ్యండి చాలు" అని చెప్పి వెళ్ళాడు. ఆమెని ఒక్కదాన్నీ అందరికీ ఎదురుగా కూర్చోబెడతారట.

నేను రెండు వేస్తాను మాణిక్యం. పక్కపక్కనే. అదిగో, మళ్ళీ పిలుస్తున్నాడు. వస్తున్నా అన్నాను. రెండోది ఎవరికి బావా అని అందరి ముందూ వాడే అడగాలి, అడిగినప్పుడు నేనేమీ మాట్లాడను, ఊరికే వాడి వైపు చూసి ఆ కుర్చీని